ఆర్‌ఓ ట్యాంకు నిండడానికి మూడు రెట్ల సమయం: మెంబ్రేన్ మార్చాల్సిందేనా?

నీటిచుక్క అడుగుతున్నారు:
ఇంట్లో వాడే మామూలు ఆర్‌ఓ. 75 జీపీడీ (రోజుకి గ్యాలన్లు) మెంబ్రేన్ (లవణాలను ఆపే పలచటి పొర), ఒత్తిడి పెంచే 24 వోల్టుల బూస్టర్ పంపు, 450 రెస్ట్రిక్టర్ (వేస్టు నీళ్లను నిమిషానికి అన్ని మి.లీ. దగ్గర ఆపేది), టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ ఉన్నాయి. పది లీటర్ల ట్యాంకు ముప్పావుగంటలో నిండేది, ఇప్పుడు రెండు గంటలు దాటినా నిండడం లేదు. లోపలికి వచ్చే నీళ్ల టీడీఎస్ 620. తాగే నీళ్లు 95 ఉండేవి, 140కి పెరిగాయి. మెంబ్రేన్ పోయింది, ఫిల్టర్లతో సహా మొత్తం సెట్టు మార్చాలి అంటున్నారు సర్వీసువాళ్లు. నిజంగా పోయిందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చా? టీడీఎస్ మీటరు, మల్టీమీటరు ఉన్నాయి.

పానా:
తేల్చుకోవచ్చండి. తాగే కుళాయి దగ్గర చూసిన టీడీఎస్‌తో మెంబ్రేన్ సంగతి తెలియదు. అక్కడికి వచ్చేసరికి కంట్రోలర్ కొంత పచ్చి నీటిని కలిపేస్తుంది. మెంబ్రేన్ హౌసింగుకి మూడు పైపులుంటాయి. మూత వైపున్నది లోపలికి వచ్చేది. రెండో చివర మధ్యలో ఉన్నది శుద్ధి అయిన నీళ్లది, పక్కనున్నది వేస్టుది. ట్యాంకు కాస్త ఖాళీ చేసి, మెషీన్ పది నిమిషాలు నడిచాక కొలవండి. ఆగి ఉన్న మెంబ్రేన్‌లోంచి ముందు వచ్చే నీళ్లు ఎప్పుడూ ఎక్కువ టీడీఎస్ చూపిస్తాయి, వాటిని నమ్మొద్దు. కావలసినవి మూడు: మధ్య పైపులోంచి నిమిషానికి ఎన్ని మి.లీ. వస్తున్నాయి, వేస్టు పైపు చివర నిమిషానికి ఎన్ని మి.లీ., మధ్య పైపు నీళ్ల టీడీఎస్ ఎంత.

నీటిచుక్క:
కొలిచాను. మధ్య పైపు 60 మి.లీ., వేస్టు 210 మి.లీ., మధ్య పైపు టీడీఎస్ 48.

పానా:
అయితే ముందు అనుమానించాల్సింది మెంబ్రేన్‌ని కాదు. 620లో 572 ఆపుతోంది, అంటే 92 శాతం. చిరిగిపోయిన మెంబ్రేన్ ఇలా ఆపలేదు. పాడైతే నీళ్లు ధారాళంగా వస్తాయి, టీడీఎస్ కూడా పెరుగుతుంది. సున్నం పట్టి మూసుకుపోతే మంచి నీళ్లు తగ్గుతాయి గానీ వేస్టు తగ్గదు. రెస్ట్రిక్టర్ మూసుకుపోతే వేస్టు దాదాపు ఆగిపోతుంది. మీకు రెండూ కలిసి పడిపోయాయి. 75 జీపీడీ అంటే 25 డిగ్రీల దగ్గర నిమిషానికి సుమారు 197 మి.లీ. రావాలి, వేస్టు 450 దరిదాపుల్లో ఉండాలి. రెండూ తగ్గాయంటే మెంబ్రేన్‌కి చేరే ఒత్తిడే తగ్గింది.

టీడీఎస్ పెరగడానికీ అదే కారణం. ఒత్తిడి తగ్గితే మెంబ్రేన్ దాటే నీళ్లు తగ్గుతాయి గానీ, దాటే లవణం అంతగా తగ్గదు. పైగా కంట్రోలర్ కలిపే పచ్చి నీరు మంచి నీరు తగ్గినంతగా తగ్గదు కాబట్టి దాని వాటా పెరుగుతుంది. ఇప్పుడు కంట్రోలర్ స్క్రూ ముట్టుకోకండి. ఒత్తిడి సరయ్యాక చూస్తే దానంతటదే దిగుతుంది.

ఒత్తిడి ఎక్కడ పోతోందో వెతకాలి. ముందు పైపు వెంబడి వెళ్లి పంపు ఎక్కడుందో చూడండి. కొన్ని మోడళ్లలో ఫిల్టర్లన్నీ పంపుకి ముందుంటాయి, కొన్నిట్లో సెడిమెంట్ (మట్టిని ఆపేది), కార్బన్ ఫిల్టర్లు దాని తర్వాత వస్తాయి. పంపు లోపలికి వెళ్లే పైపు ఊడదీసి బకెట్లో పెట్టి, కుళాయి తిప్పండి. పంపు లేకుండానే నిమిషానికి లీటరుకి తగ్గకుండా రావాలి. సన్నటి ధారే వస్తే దానికి ముందున్న ఫిల్టరు మూసుకుపోయింది. సోలనాయిడ్ వాల్వు (కరెంటు వస్తే తెరుచుకునేది) పంపుకి ముందుంటే, కరెంటు లేనప్పుడు అది మూసే ఉంటుంది, కాబట్టి దానికి ముందే ఊడదీయాలి. వాల్వు లోపలికి వెళ్లే చోట చిన్న జాలీ ఉంటే దాన్నీ చూడండి, సెడిమెంట్ కొత్తగా ఉన్నా అది మూసుకుపోవచ్చు.

ధార బాగుంటే మెషీన్ నడుస్తుండగా పంపు వైర్ల దగ్గర డీసీ వోల్టేజి చూడండి. 24 దగ్గర ఉండాలి. 18, 19కి పడిపోతే తప్పు అడాప్టర్‌ది. లోడు లేనప్పుడు అదే అడాప్టర్ 24 చూపిస్తుంది, మోసపోవద్దు. అడాప్టర్‌ని మాత్రం విప్పొద్దు, లోపల మెయిన్స్ కరెంటు ఉంటుంది. 24 ఉన్నా ఒత్తిడి రాకపోతే, పంపు తర్వాతున్న ఫిల్టర్లను దాటించి నిమిషంసేపు చూడండి. ఇది పరీక్ష కోసమే, అలా వాడకూడదు. అప్పుడూ పెరగకపోతే పంపులో డయాఫ్రమ్ (నీళ్లను తోసే రబ్బరు పొర) పోయినట్టు.

తేటనీరు:
పానా గారు చెప్పినదంతా సరే. ఒక్కటి కలుపుతాను. బయటి గిన్నెలోని తెల్ల స్పన్ క్యాండిల్‌ని, అంటే సెడిమెంట్ ఫిల్టరుని, బ్రష్షుతో రుద్ది మళ్లీ పెడుతుంటారు. మట్టి పైన మాత్రమే కాదు, దారాల లోపలికంటా దిగుతుంది, రుద్దితే పోదు. దాన్ని మార్చేయడమే. సెడిమెంట్ మారుస్తూ డబ్బు మిగులుతుందని కార్బన్‌ని వదిలేయకండి. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్‌ని ఆపేది అదే. ఈ పలచటి పొర మెంబ్రేన్లకు లీటరుకి 0.1 మి.గ్రా. దాటిన క్లోరిన్ హాని చేస్తుంది, ఆ నష్టాన్ని ఏ శుభ్రం చేయడమూ సరిచేయదు.

చలికాలమైతే దానికీ కొంత లెక్క వదలండి. నీళ్లు ఒక్కో డిగ్రీ చల్లబడితే రాక సుమారు 3 శాతం తగ్గుతుంది. అయినా 197 కాస్తా 60 కావడానికి చలి ఒక్కటే చాలదు.

నీటిచుక్క:
పంపుకి ముందు పైపు ఊడదీస్తే నిమిషానికి పావు లీటరు కూడా రావడం లేదు. బయటి క్యాండిల్ తీసేసి ఖాళీ గిన్నె బిగించి చూస్తే ధార లావుగా వచ్చింది. ఈ మోడల్లో పంపుకి ముందున్నది అదొక్కటే. కొత్తది వేసేటప్పుడు ఏమైనా జాగ్రత్తలున్నాయా?

పానా:
5 మైక్రాన్ల క్యాండిల్ తీసుకోండి. గిన్నె అంచున నల్ల రబ్బరు రింగు గాడిలో సరిగ్గా కూర్చోవాలి. దానికి వాజిలిన్ రాయొద్దు, రబ్బరు ఉబ్బవచ్చు. ఫుడ్ గ్రేడ్ సిలికాన్ గ్రీజు చాలు. చేత్తో బిగించి, పానాతో పావు చుట్టు చాలు, అంతకు మించితే గిన్నె పగులుతుంది. పుష్ ఫిట్ పైపు చివర అడ్డంగా, తిన్నగా కోసి ఉండాలి, లోపల ఆగేవరకు తోసి క్లిప్పు పెట్టండి. మొదట రెండు లీటర్లు బకెట్లోకి వదిలాకే పంపుకి కలపండి. పది నిమిషాలు నడిచాక మళ్లీ ఆ మూడు కొలతలు తీయండి. వేస్టు 450 దాకా వచ్చి మంచి నీళ్లు 120, 130 దగ్గరే ఆగితే అప్పుడు మెంబ్రేన్‌కి సున్నం పట్టిందనుకోవచ్చు.