హాల్ నేలకు లైబ్రరీ టెక్స్చరా, మన బండ ఫొటోనా?

అనంతపురం_ప్లాన్లు: ఒక ఇంటికి స్కెచప్‌లో (3డీ సాఫ్ట్‌వేర్) మోడల్ అయిపోయింది, వీరేలో రెండర్ (ఫొటోలాంటి బొమ్మ) ఇయ్యాల. హాల్లో బేతంచెర్ల నాపరాయి, వంటింటి గట్టుకు కడప నల్లబండ అనుకుంటున్నారు. సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో రెడీగా ఉండే రాయి టెక్స్చర్ (మోడల్ మీద అతికించే బొమ్మ) చాలా, లేక బండ ఫొటో తీసి సొంతంగా చేసుకోవాల్నా?

బురుజు_రెండర్స్ (కర్నూలు): లైబ్రరీదే వెయ్యండి. దాంట్లో రంగు బొమ్మ, రఫ్‌నెస్ (నునుపెంతో చెప్పేది), నార్మల్ మ్యాప్ (ఎత్తుపల్లాలు చూపేది) అన్నీ ఒకదానికొకటి సరిపోయేట్టు వస్తాయి. ఫోన్‌తో తీస్తే ఎండ మెరుపు ఫొటోలోనే ఉండిపోతుంది. కిటికీ ఎటు పెట్టినా ఆ తెల్లమచ్చ నేల మీద అట్లనే ఉంటుంది. ఆ ఫొటోను పక్కపక్కన పేరిస్తే నాలుగు అంచులూ కలవవు. వాటిని కలిపేసరికి పొద్దుగూకుతుంది.

తాడిపత్రి_బండలు: నాకు మ్యాపులు తెలీవన్నా, రాయి తెలుసు. లైబ్రరీలో ‘నల్ల రాయి’ అని ఉండేదంతా బొగ్గులెక్క ఒకటే నలుపు. మా బండ ఒకటి బూడిద రంగు, పక్కది ముదురు నలుపు, ఇంకోదాంట్లో తెల్లగీత. క్వారీలో పొరపొరకూ మారుతుంది. అది రాయి గుణం, లోపం కాదు. మీ బొమ్మలో అన్నీ ఒకే అచ్చు. ఆ బొమ్మ చేత్తో పట్టుకొని వచ్చి, దించిన లోడంతా వెనక్కి ఎత్తించినాడు ఒకాయన. బాడుగ నేనే పెట్టుకోవాల్సి వచ్చింది.

కడప_సైట్: అందరూ మర్చిపోయేది సైజు. బొమ్మలో అటు రెండు, ఇటు రెండు బండలుంటే, స్కెచప్ మెటీరియల్‌లో వెడల్పు 4 అడుగులు ఇస్తేనే 2×2 అడుగుల బండ లెక్క సరిపోతుంది. ఉన్నదున్నట్టు వదిలేస్తే జాయింట్లు యాడో పడతాయి.

బురుజు_రెండర్స్: రంగు తేడా కావాలంటే వీరేలో మల్టీసబ్‌టెక్స్ అని ఉంది, దాంట్లో నాలుగైదు బొమ్మలు పెట్టి బండబండకూ మార్చొచ్చు. దానికి సొంత ఫొటోనే ఉండాలని లేదు. ఆ లోడు గొడవకు టెక్స్చర్ ఏం చేస్తుంది?

కడప_సైట్: అట్ల మార్చాలంటే బండలు మోడల్‌లో విడివిడిగా ఉండాల. జాయింట్ మందం కూడా చూసుకోండి, బొమ్మల్లో వేలెడు కనపడుతుంది.

తాడిపత్రి_బండలు: జాయింట్ల సంగతి తర్వాత. ఆ వంటింటి గట్టు సంగతి చెప్పండి. బొమ్మల్లో అద్దంలా వేస్తున్నారు. కడప బండ సున్నపురాయి. నిమ్మకాయ పిండినా, చింతపండు పులుసు ఒలికినా అక్కడ పాలిష్ పోయి తెల్లగా మచ్చ పడుతుంది. ఆర్నెల్లకు ఆ ఇంటావిడ మాకు ఫోన్ చేసి ‘బొమ్మలో ఇట్ల లేదే’ అంటుంది.

బురుజు_రెండర్స్: కొత్త ఇల్లు కొత్తగానే చూపిస్తారు సార్, మరకలతో ఎవరు చూపిస్తారు? గ్లాసీనెస్ (మెరుపు లెక్క) 1 నుంచి కొంచెం దించితే అద్దం మెరుపు పోతుంది. అంత చిన్నదానికి ఇంత యాగీనా?

తాడిపత్రి_బండలు: మీకు చిన్నదే. డబ్బులు పోయేది మాకు.

బురుజు_రెండర్స్: మాకు పోలేదా? నేల బొమ్మతో కలవలేదని ఒక ఇంజనీర్ నా మిగతా డబ్బు ఎగ్గొట్టినాడు. నేను రెండర్ ఇచ్చేనాటికి వాళ్లు బండే ఖాయం చేయలేదు! ‘ఏదో ఒకటి వెయ్యి, చూసి చెప్తాం’ అన్నారు. ఆ ‘ఏదో ఒకటి’నే తర్వాత ఒప్పందం లెక్క పట్టుకున్నారు. వ్యూకు (ఒక్కో కోణం బొమ్మకు) ఇంతని తీసుకునేవాణ్ణి, మీ ఫ్యాక్టరీకొచ్చి బండలు ఏరాల్నా?

పెన్నా_ఒడ్డు: ఇప్పుడొచ్చింది అసలు మాట. బండ ఎంచుకున్నాక రెండరా, రెండర్ చూసి బండ ఎంచుకునేదా?

అనంతపురం_ప్లాన్లు: మావాళ్లు బొమ్మ చూసి ఎంచుకుంటామంటున్నారు.

తాడిపత్రి_బండలు: అయితే ఆ బొమ్మ మీద ‘రంగు సూచనకే’ అని రాసియ్యండి. రాయకుండా ఇచ్చిన బొమ్మ మాటిచ్చినట్టే. ఇల్లు కట్టుకునేవాడికి గ్లాసీనెస్ తెలీదు, కంటికి కనపడిందే నమ్ముతాడు.

బురుజు_రెండర్స్: రాస్తాను, ఒప్పుకుంటా. కానీ ఖాయమైన బండతోనే రెండర్ కావాలంటే ఆ ఫొటో బండల షాపు నుంచి రావాల. నీడలో, బండకు ఎదురుగా నిలబడి, పక్కన టేపు పెట్టి తీయండి. ఒకటి కాదు, వేర్వేరు బండలు తీయండి. అంచులు కలిపే పని నాది, దానికి వేరే చార్జి. ఇంకోటి, తడి బండ తీయొద్దు. తడిస్తే రంగు ముదురుతుంది.

తాడిపత్రి_బండలు: తడపకుంటే ఎట్లన్నా? పాలిష్ చేయని బండ మీద నీళ్లు చల్లే కదా కస్టమర్‌కు రంగు చూపించేది. పాలిష్ అయినాక దాదాపు అదే రంగు వస్తుంది.

బురుజు_రెండర్స్: ‘దాదాపు’ అంటే మళ్లీ నా మీదికే వస్తుంది. ఒక్క బండైనా పాలిష్ పట్టించి, ఆరినాక తీసి పంపండి.

కడప_సైట్: టేపు బండ అంచుకు ఆనించి పెట్టండి, లేకుంటే సైజు తప్పుతుంది.