ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ఔట్‌లెట్ నీళ్లలో మందుల అవశేషాలు కొలవడం అవసరమా, దండగా?

ప్రశ్న:
బీఓడీ, సీఓడీ (నీళ్లలోని మురికిని దానికి పట్టే ఆక్సిజన్‌తో కొలిచే లెక్కలు), టీఎస్ఎస్ (నీళ్లలో తేలాడే ఘనపదార్థం) అన్నీ లిమిట్‌లోనే వస్తున్నప్పుడు ఇంకా మందులూ హార్మోన్లూ పీఫాస్ (సులువుగా నశించని ఫ్లోరిన్ రసాయనాలు) అంటూ లీటరుకి నానోగ్రాముల్లో ఉండేవాటి వెంట పడటం ఎందుకండీ? వాటిని పట్టే ఎల్‌సీ-ఎంఎస్ ల్యాబ్ టెస్టులు ఖరీదు, ఆ డబ్బుతో అసలు శుద్ధే జరగని మురుగు సంగతి చూడొచ్చు కదా.

జవాబు:
కొలవాల్సిందేనండీ. బీఓడీ చెప్పేది సూక్ష్మజీవులు తినగలిగే మురికి సంగతే. ఫిట్స్‌కి వాడే కార్బమజెపిన్‌ని చూడండి, గాలి ఊదే ఏరేషన్ ట్యాంకులో బ్యాక్టీరియా దాన్ని దాదాపు ముట్టుకోవు, చాలావరకు వచ్చింది వచ్చినట్టే బయటికి పోతుంది, రిపోర్టులో మాత్రం బీఓడీ పాస్. ఇక నానోగ్రాములేగా అంటారా, కెనడాలో ఒక ప్రయోగ సరస్సులో గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఎథినైల్ ఎస్ట్రాడయోల్‌ని మూడేళ్లపాటు కలిపారు, లీటరుకి 5-6 నానోగ్రాములే, మగ చేపల ఒంట్లో గుడ్లకి కావాల్సిన ప్రోటీన్ తయారవడం మొదలైంది, ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేపలు ఆ సరస్సులో దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2007లో దీని మీద పరిశోధన పేపర్ వచ్చింది.

ప్రశ్న:
సరే, ఒప్పుకుంటా. కానీ వేల రసాయనాలున్నాయి, ఏవని కొలుస్తారు?

జవాబు:
అన్నీ అక్కర్లేదు. స్విట్జర్లాండ్‌లో 2016 నుంచి ఎంపిక చేసిన ప్లాంట్లకి ఇలాంటి సూక్ష్మ కాలుష్యాల్ని 80 శాతం తొలగించాలనే రూల్ ఉంది, దానికి డైక్లోఫెనాక్ (నొప్పి మందు), కార్బమజెపిన్, బెంజోట్రయజోల్ (తుప్పు పట్టకుండా వాడే రసాయనం) లాంటి కొన్నిటినే ఇండికేటర్లుగా, అంటే మిగతావాటికి గుర్తుగా తీసుకుంటారు. మురుగునీటి మీద యూరోపియన్ యూనియన్ 2024 డైరెక్టివ్‌దీ (సభ్యదేశాలకిచ్చే చట్టపరమైన ఆదేశం) అదే దారి, పైగా ఆ అదనపు శుద్ధి ఖర్చులో కనీసం 80 శాతం మందులు, కాస్మెటిక్స్ తయారుచేసేవాళ్ల మీదే వేసింది, నా దృష్టిలో అది న్యాయం.

అసలు గొడవ శాంపిల్ దగ్గరుంది. పొద్దున ఒక సీసా పట్టుకెళ్లి ల్యాబ్‌కిస్తే ఆ గంటలో ఏం పారిందో అదే తెలుస్తుంది, 24 గంటల కాంపోజిట్, అంటే రోజంతా కొంచెం కొంచెం పట్టి కలిపిన శాంపిల్ కావాలి, నీళ్లు ప్లాంట్‌లో ఎంతసేపు ఉంటాయో లెక్కేసి ఇన్‌లెట్, ఔట్‌లెట్ రెండూ పట్టాలి. అలా పట్టినా ఒక్కోసారి లోపలికొచ్చినదానికంటే బయటికెళ్లేదే ఎక్కువ కనిపిస్తుంది! ల్యాబ్ తప్పేననుకోవద్దు, శరీరం మార్చి పంపిన మందు ప్లాంట్‌లో విడిపోయి మళ్లీ అసలు రూపానికి వస్తుంది, పీఫాస్‌లోనూ అంతే, ముందు రూపాలు విరిగి పీఎఫ్‌ఓఏ అనే పీఫాస్ రసాయనం అవుతాయి.

ఈ అవశేషాల్ని విరగ్గొట్టడానికి ఓజోన్ వాయువు పెడదామన్నా నీళ్లలో బ్రోమైడ్ అనే లవణం ఎంతుందో ముందు చూడాలి, అది ఎక్కువుంటే ఓజోన్‌తో కలిసి బ్రోమేట్ అనే హానికర పదార్థం తయారవుతుంది. అందుకే మిషన్లు కొనేముందే కనీసం ఏడాది డేటా ఉండాలంటున్నా, వానాకాలం ఎండాకాలం రెండూ కలిపి.