ఫైబర్ బోటుకు సోలార్, బ్యాటరీ ఎంత పెట్టాలి?

మాది నెల్లూరు జిల్లా మైపాడు దగ్గర. నాయన 28 అడుగుల ఫైబర్ బోటులో జనాన్ని బకింగ్‌హాం కాలువలో తిప్పాలని నా ఆశ. కానీ డీజిల్ ఇంజను మోతకు కొంగలన్నీ లేచిపోతున్నాయి, అదే నా బాధ.

కేరళలో వైకం దగ్గర 2017 నుంచి తిరుగుతున్న ఆదిత్య సోలార్ బోటు 75 మందిని మోస్తుంది. దానికి 20 కిలోవాట్ల ప్యానెళ్లు, 50 కిలోవాట్-అవర్ల బ్యాటరీ. మా బోటు కప్పు 12 చదరపు మీటర్లే, రెండున్నర కిలోవాట్ల లోపే వస్తుంది. అందుకే మొగ దాటి సముద్రంలోకి పోతే డీజిలు, కాలువలో కరెంటు మోటారు అనుకున్నా.

గంటకు 8 కిలోమీటర్ల చొప్పున మూడు గంటలు తిరగాలంటే ఎంత లిథియం బ్యాటరీ కావాలి? ఉప్పుగాలికి వైర్ల జాయింట్లు తుప్పు పట్టకుండా ఏం చేస్తారు? బోటు మీద చేసి చూసినోళ్లు చెప్పండన్నా.