నిజంగా గ్రీన్ అనిపించే లగ్జరీ రిసార్ట్ ఏదైనా ఉందా? విజయవాడ, గుంటూరు నుంచి వెళ్లొచ్చిన వాళ్లు చెప్పండి

పటమట_పిల్ల
అందరికీ నమస్తే. ఫిబ్రవరిలో మా అమ్మానాన్నల నలభయ్యో పెళ్లిరోజు. నాన్నకి పక్షుల పిచ్చి, రిటైరయ్యాక కెమెరా కొనుక్కుని ఉప్పలపాడు చెరువు చుట్టూనే తిరుగుతుంటారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మంచి బాత్‌రూమ్ ఉండాలి, అన్నంలోకి ఏదో ఒక పప్పు దొరకాలి. రాత్రికి పాతిక వేల దాకా పెట్టగలం (అన్నయ్య అమెరికా నుంచి సగం వేస్తున్నాడు, అదీ ధైర్యం). సమస్య ఏంటంటే ఆన్‌లైన్‌లో చూస్తే ప్రతి వాడూ ఎకో ఫ్రెండ్లీ అనే రాసుకుంటున్నాడు. పోయినేడు ఆఫీసు వాళ్లం ఒక చోటికి వెళ్తే, పేరెందుకులెండి, గేటుకి వెదురు ఆర్చి, లోపల ఒక్కో గదికి రెండేసి ఏసీలు, బల్ల మీద ఆకుపచ్చ లేబుల్ అంటించిన ప్లాస్టిక్ నీళ్ల సీసాలు. డబ్బులు పెట్టి అలాంటి చోటికి వాళ్లని పంపడం ఇష్టం లేదు. ఎవరైనా స్వయంగా వెళ్లి ఉంటే చెప్పండి ప్లీజ్.

మురుగునీటి_మేస్త్రి
నేను హోటళ్లకీ అపార్ట్‌మెంట్లకీ ఎస్టీపీలు (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంట్లు) బిగించే పనిలో ఉన్నాను, కాబట్టి ఏ రిసార్టుకి వెళ్లినా గది కంటే ముందు దాని పెరడు చూసొస్తాను, మా ఆవిడ తిడుతూనే ఉంటుంది. మీరు బుక్ చేసే ముందు ఫోన్ చేసి రెండు విషయాలు అడగండమ్మా. నీళ్లు ఎక్కడి నుంచి తెస్తున్నారు, వాడాక ఎటు పంపిస్తున్నారు. వెదురుతో కట్టారా మట్టితో కట్టారా అన్నది తర్వాతి సంగతి. ఊళ్లో బోర్లు ఎండిపోతుంటే వీళ్లు వెయ్యి అడుగుల బోరు దింపి లాన్‌కి స్ప్రింక్లర్లు తిప్పుతున్నప్పుడు గోడ పేడతో అలికితే ఏంటి, సున్నం కొడితే ఏంటి.

ఎస్టీపీ ఉందని అందరూ చెబుతారు. ఉంటుంది కూడా, పర్మిషన్‌కి కావాలి కదా. అది నడుస్తోందా లేదా అన్నదే అసలు సంగతి. ట్యాంకులోకి గాలి పంపే బ్లోయర్లు రాత్రీపగలూ తిరుగుతుంటేనే మురుగుని తినే బాక్టీరియా బతుకుతుంది. కరెంటు బిల్లు చూసి గుండె ఆగినంత పనై బ్లోయర్ ఆపేశారంటే కొద్ది రోజుల్లోనే కుళ్లిన కోడిగుడ్డు కంపు మొదలవుతుంది. సాయంత్రం తోటకి నీళ్లు పెట్టే టైముకి ఆ పైపు దగ్గర కాసేపు నిలబడండి చాలు, మీ ముక్కే రిపోర్టు ఇస్తుంది. స్థలం బాగా ఉన్నవాళ్లు కొందరు గులకరాళ్ల మడుల్లో జమ్ము, మెట్టతామర వేసి మురుగునీటిని వాటి వేళ్ల మధ్య నుంచి నెమ్మదిగా పారిస్తారు. దానికి కరెంటు ఖర్చు దాదాపు ఉండదు, కంపూ ఉండదు, కానీ చాలా జాగా తింటుంది. ఆ జాగాలో ఇంకో రెండు కాటేజీలు కట్టుకోకుండా మడులు వేశాడంటే ఆ యజమాని నిజంగానే మనసు పెట్టాడన్నమాట.

దుప్పటి రోజూ మార్చొద్దంటే ఈ కార్డు పెట్టండి అంటారు చూశారా, దానికి మాత్రం మురిసిపోకండి. లాండ్రీ ఖర్చు తగ్గేది వాళ్లకే. సర్టిఫికెట్ ఉందంటే ఎవరిచ్చారో, ఏ సంవత్సరం దాకా చెల్లుతుందో అడగండి. హైదరాబాద్‌లో ఉండే ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) వాళ్లకి రిసార్టుల కోసమే వేరుగా రేటింగ్ ఉంది, వాళ్లు కరెంటు, నీళ్లు, చెత్త లెక్కలు అడుగుతారు. ఆకు బొమ్మ మాత్రం ఎవడైనా వేసుకోవచ్చు.

బ్రాడీపేట_4వ_లైను
ఇవన్నీ అడిగితే రిసెప్షన్‌లో మనల్ని పొల్యూషన్ బోర్డు వాళ్లనుకుంటారు సార్ 😀

మురుగునీటి_మేస్త్రి
అనుకోనివ్వండి, గది అప్‌గ్రేడ్ చేస్తారు.

తెనాలి_పద్మ
పటమట అమ్మాయ్, మీ నాన్నగారి పక్షులకీ అమ్మగారి మోకాళ్లకీ రెండిటికీ సరిపడేది కేరళే. మేము కుమరకంలో కోకనట్ లగూన్‌లో ఉన్నాం, సీజీహెచ్ ఎర్త్ అనే హోటళ్ల కంపెనీ వాళ్లది. కారు దిగి పడవెక్కితేనే లోపలికి వెళ్తాం, కాబట్టి లోపల హారన్లూ పొగా ఏమీ ఉండవు. గదులు కొత్తగా కట్టినవి కావు. కేరళలో పడగొట్టేయబోతున్న పాత చెక్క ఇళ్లని కొని, దూలం దూలం విప్పి తీసుకొచ్చి, అక్కడ మళ్లీ నిలబెట్టారు. ఆవరణలో వెచ్చూరు ఆవులు మేస్తుంటాయి, పొట్టిగా, దూడలని అనుకుంటాం చూసి. వేంబనాడు సరస్సు ఒడ్డునే, పక్కనే పక్షుల అభయారణ్యం, తెల్లారుజామున పడవ మీద వెళ్లొచ్చు. నేల మీదే నడక, మెట్లు పెద్దగా లేవు. భోజనం మాత్రం కొబ్బరే కొబ్బరి. మా అత్తయ్యగారు రెండో పూటకే ఆవకాయ సీసా బయటికి తీశారు. వంటవాళ్లు నవ్వి, వాళ్లూ కాస్త వడ్డించుకున్నారు లెండి.

నాకు అక్కడ కూర్చుంటే కడుపు మండింది ఒక్క విషయంలో. మన కోనసీమలో, మన తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో ఎన్ని మండువా లోగిళ్లు ఉండేవండీ. టేకు స్తంభాలు, తలుపులు పీకి అమ్మేసుకుని, ఆ స్థలంలో మూడంతస్తులు లేపాం. వాళ్లు అవే ఇళ్లు దాచుకుని రాత్రికి ఇన్ని వేలు వసూలు చేస్తున్నారు.

కొల్లేటి_కొంగ
పద్మ గారు చెప్పింది నిజమే కానీ వేంబనాడు గురించి ఇంకో ముక్క కూడా తెలియాలి. కొల్లేరు, వేంబనాడు రెండూ 2002లోనే రామ్‌సర్ జాబితాలోకి, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కాయి. మనవాళ్లు కొల్లేరంతా చేపల చెరువులు తవ్వుకున్నారు, 2006లో ఆపరేషన్ కొల్లేరు అని గట్లు కొట్టారు, ఆ తర్వాత కథ అందరికీ తెలుసు. అక్కడ వేంబనాడులో హౌస్‌బోట్లు. డీజిల్, మురుగు రెండూ సరస్సులోకే. దానికి తోడు కుట్టనాడు వరి పొలాల్లోకి ఉప్పునీరు రాకుండా తణ్ణీర్‌ముక్కం దగ్గర కట్టిన బ్యారేజీ షట్టర్లు మామూలుగా డిసెంబరు నుంచి మార్చి దాకా దించి ఉంచుతారు, అంటే మీరు వెళ్లే ఫిబ్రవరిలో నీటికి ఆటుపోటు ఉండదు, గుర్రపుడెక్క పేరుకుపోతుంది. కాబట్టి ఒడ్డున ఉండండి, పక్షుల కోసం చిన్న తెడ్డు పడవ మాట్లాడుకోండి, ఏసీ హౌస్‌బోటు జోలికి మాత్రం వెళ్లకండి.

నాన్నగారికి పక్షులే ముఖ్యమైతే ముందు ఒక ఉదయం కైకలూరు దగ్గర ఆటపాక తీసుకెళ్లండి. గూడబాతులు స్టాండ్ల మీద గుంపులుగా కూర్చుని ఉంటాయి, విజయవాడ నుంచి వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేయొచ్చు. రిసార్టు ఖర్చు లేదు.

మొగల్రాజపురం_మెట్లు
కర్ణాటకలో కబిని నది ఒడ్డు ఎవరూ చెప్పలేదేంటి? ఎవాల్వ్ బ్యాక్ వాళ్లది ఉంది, ఒకప్పుడు ఆరెంజ్ కౌంటీ అనేవారు. అక్కడి గిరిజనుల హాడి (వాళ్ల గూడెం) గుడిసెల పోలికలో కట్టారు, బయట చూస్తే పూరిల్లు, లోపల రాజభోగం. గదికో సొంత ఈతకొలను ఉండేవి కూడా ఉన్నాయి. గన్నవరంలో ఎక్కి బెంగళూరు, అక్కడి నుంచి రోడ్డు.

మురుగునీటి_మేస్త్రి
గదికో ఈతకొలను, దాని పేరు ప్రకృతి ప్రేమ! నీళ్లు తిప్పడానికి మోటారు, క్లోరిన్, ఎండకి ఆవిరైన దానికి మళ్లీ నీళ్లు. ఎదురుగా నది కనిపిస్తుంటే మళ్లీ కొలనెందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

మొగల్రాజపురం_మెట్లు
సార్, రోహిణి కార్తెలో బెజవాడలో బతికేవాళ్లకి కొలను ఎందుకో వివరించక్కర్లేదు. సుఖం వద్దనుకుంటే ఇంట్లోనే ఉండొచ్చు కదా. లగ్జరీ అని టాపిక్‌లోనే ఉంది.

పటమట_పిల్ల
గొడవ పడకండి, ఇద్దరి మాటా పనికొస్తోంది. కబిని ఫిబ్రవరిలో ఎలా ఉంటుంది?

మొగల్రాజపురం_మెట్లు
బాగానే ఉంటుంది కానీ ఏనుగుల కోసమైతే మార్చి నుంచి మే. డ్యామ్ నీళ్లు వెనక్కి తగ్గి, బయటపడిన నేల మీద పచ్చిక మొలుస్తుంది, నాగర్‌హొళె వైపు నుంచీ బందీపూర్ వైపు నుంచీ మందలు మందలుగా అక్కడికే దిగుతాయి. మీరు ఎంత ఖరీదైన రిసార్టులో దిగినా సఫారీ మాత్రం కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ చేతిలోనే ఉంటుంది. వాళ్లకే కబిని రివర్ లాడ్జ్ అని సొంతంగా ఉంది, ఒకప్పుడు మైసూరు మహారాజుల వేట బంగళా, భోజనం సఫారీ అన్నీ కలిపే రేటు చెబుతారు. గదులు మరీ తళతళలాడవు. డబ్బు కట్టే ముందు సఫారీ ఆ తేదీల్లో నడుస్తోందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. జీపు కుదుపులు అమ్మగారి మోకాళ్లకి పడవేమో, బోటు సఫారీ అడగండి.

నల్లమల_గాలి
అందరూ పక్క రాష్ట్రాలకే పరిగెడుతున్నారు. మనకి దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం ఉంది, నరసరావుపేట, వినుకొండ దాటుకుని దోర్నాల వెళ్తే అడవి మొదలు. ఆత్మకూరు వైపు బైర్లూటిలో అటవీ శాఖ జంగిల్ క్యాంపు ఉంది, కాటేజీలు, టెంట్లు, సఫారీ. చెంచు కుర్రాళ్లు తోడు వస్తారు. నాకు పులి కనపడలేదు, కానీ మా గైడు మట్టిలో అడుగు చూసి ఎటు వెళ్లిందో, ఎప్పుడు వెళ్లిందో చెప్తుంటే అదే చాలనిపించింది. లగ్జరీ అనుకుని మాత్రం వెళ్లకండి, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, అన్నం వేడిగా పెట్టారు, అంతవరకే. వానాకాలంలో జూలై నుంచి సెప్టెంబరు దాకా మూసేస్తారు. దోర్నాల శ్రీశైలం రోడ్డు గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకూ తెరవరు, ఆలస్యంగా బయలుదేరి ఇరుక్కుపోకండి.

మారేడుమిల్లి కూడా అంతే. వలమూరు దగ్గర జంగిల్ స్టార్ క్యాంపు అటవీ శాఖతో కలిసి ఊరి వన సంరక్షణ సమితి వాళ్లే నడుపుతున్నారు, మనమిచ్చే డబ్బు ఊళ్లోకి పోతుంది. వాగు పక్కనే ఉంటుంది. దోమతెర, ఓడోమాస్ మర్చిపోవద్దు, ఏజెన్సీలో మలేరియా భయం ఉంది. అరవై దాటిన వాళ్లని పంపే ముందు ఆలోచించండి.

తెనాలి_పద్మ
డబ్బు ఊళ్లోకి పోవడం అంటే గుర్తొచ్చింది, కుమరకం తర్వాత మేము తేక్కడి కూడా వెళ్లాం. పెరియార్ అడవిలో ఒకప్పుడు దొంగచాటుగా చెట్ల బెరడు కొట్టుకుని అమ్ముకున్న వాళ్లనే అటవీ శాఖ చేరదీసి కమిటీగా పెట్టింది. వాళ్లే ఇప్పుడు వెదురు తెప్ప మీద తిప్పుతారు, అడవి నడకకి తీసుకెళ్తారు. దొంగదారులన్నీ తెలిసిన వాళ్లు కాబట్టి కాపలాకి కూడా వాళ్లే మేలట. బస స్పైస్ విలేజ్‌లో. ఏనుగుగడ్డి కప్పిన కాటేజీలు, గదుల్లో ఏసీ లేదు, కొండ మీద చల్లదనం, కప్పు మందం వల్ల కావాలనిపించలేదు. యాభై మైళ్ల లోపల పండినవే వండే హోటలొకటి లోపలే ఉంది. అయితే కొట్టాయం నుంచి ఘాట్ రోడ్డు, మలుపులకి మా మరిదికి వాంతులే వాంతులు.

బాపట్ల_గాలివాటం
సూర్యలంక సంగతి కూడా రాద్దామని. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి, అటవీ శాఖ వాళ్లు ఆ గుడ్లు ఏరి హేచరీలో పొదిగించి పిల్లల్ని సముద్రంలో వదులుతారు. రాత్రి పూట పిల్లలు బయటికి వచ్చాక ఎటు వెలుతురు ఉంటే అటే పాకుతాయి, ఎందుకంటే మామూలుగా సముద్రం వైపే ఆకాశం తెల్లగా ఉంటుంది. ఇప్పుడు ఒడ్డున ఒక రిసార్టు వాడు ఇసుక వైపు తిప్పి ఫ్లడ్‌లైట్లు పెట్టాడు, డీజే కూడా. వాడి వెబ్‌సైట్ నిండా తాబేలు బొమ్మలే. మేము ముగ్గురు నలుగురం వెళ్లి అడిగితే లైట్లు గెస్టుల సేఫ్టీ కోసం అన్నాడు. సముద్రం ఒడ్డున ఎక్కడ బుక్ చేసినా రాత్రి బీచ్ వైపు లైట్లు ఆర్పుతారా అని అడగండి. ఆర్పుతాం అన్న చోటే ఉండండి.

కృష్ణలంక_కుర్రోడు
భవానీ ద్వీపం దగ్గర్లోనే కదా అని ఎవరైనా చెబుతారేమో, ఫిబ్రవరిలో ఓ సాయంత్రానికి బాగుంటుంది, మీరడిగే రకం బస కాదు. నది ఒడ్డున కొత్తగా కట్టే రివర్ వ్యూ విల్లాల జోలికి మాత్రం వెళ్లొద్దండి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిన రోజు మేం డాబా మీద నిలబడి చూశాం. వరద దారిలో కాంక్రీటు పోసి పైన నాలుగు కుండీలు పెడితే గ్రీన్ అయిపోదు.

బ్రాడీపేట_4వ_లైను
రేటు చూసేటప్పుడు జీఎస్టీ లెక్క కూడా వేసుకోండి. గది రాత్రికి 7,500 దాటితే 18 శాతం. పాతిక వేలు అనుకుంటే ఇరవై తొమ్మిదిన్నర అవుతుంది, అన్నయ్యకి ముందే చెప్పండి.

పటమట_పిల్ల
అందరికీ చాలా థాంక్స్. కుమరకమే అనుకుంటున్నాం. పద్మ గారూ, తేక్కడి ఘాట్ రోడ్డు మాకొద్దులెండి, కుమరకంలోనే ఇంకో రోజు ఎక్కువ ఉంటారు. రిసార్టుకి ఫోన్ చేసి మేస్త్రి గారి ప్రశ్నలు అడిగాను. ముందు కాస్త తడబడ్డారు, తర్వాత ఇంజినీర్‌ని లైన్లోకి తీసుకొచ్చి ఓపిగ్గా చెప్పించారు, మీరొచ్చినప్పుడు ప్లాంటు చూపిస్తాం అన్నారు. నాన్న ఆ మాట విని పక్షుల కంటే దాని మీదే ఎక్కువ ఆసక్తి చూపిస్తున్నారు. విమానం వద్దు రైలే అంటున్నారు ఇద్దరూ. మాకు ఏ బండి నయం?

తెనాలి_పద్మ
శబరి ఎక్స్‌ప్రెస్ గుంటూరులో ఎక్కితే నేరుగా కొట్టాయంలో దిగిపోవచ్చు, అక్కడి నుంచి కుమరకం కారులో అరగంట పైచిలుకు. విజయవాడలోనే ఎక్కాలంటే కేరళ ఎక్స్‌ప్రెస్. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి డిసెంబరులోనే కాచుకుని కూర్చోండి. ఇంకోటి, అమ్మానాన్నలిద్దరి పేర్లే ఒక టికెట్ మీద పెట్టి సీనియర్ సిటిజన్ కోటాలో లోయర్ బెర్తులు అడగండి, మీరు కూడా వెళ్తుంటే మీది వేరే టికెట్‌గా తీయండి. ముగ్గురినీ కలిపి తీస్తే ఆ కోటా వర్తించదు, అమ్మగారిని పై బెర్తు ఎక్కించాల్సి రావచ్చు.