విరిగిన ఆటోజైరో బ్లేడును అతికించాలా, మూడూ కొత్తవి చేయాలా?

బాల్సాప్రియ:
మాది మూడు బ్లేడ్ల ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) ఆటోజైరో, అంటే పైనున్న రోటరును మోటారు కాక ఎదురొచ్చే గాలే తిప్పే నమూనా విమానం. రోటరు వ్యాసం మీటరు. పరుగు తీసి నేల వదిలిందో లేదో ఎడమకు ఒరిగి తిరగబడింది. ఒక బ్లేడు హబ్బు (బ్లేడ్లు కలిసే నడిమి భాగం) నుంచి జానెడు దూరంలో విరిగింది. మిగతా రెండింటికీ గీతలు తప్ప ఏమీ కాలేదు. రోటరును మోసే అల్యూమినియం మాస్టు వంగింది, తోక ఊడింది. మూడు బ్లేడ్లూ మళ్లీ చెక్కి సానపట్టే ఓపిక లేదు. విరిగినదాన్ని ఎపాక్సీతో అతికించి పలుచని ఫైబర్‌గ్లాస్ గుడ్డ చుడితే చాలదా? విమానం రెక్క విరిగితే అదే చేస్తున్నాం కదా!

లెక్కలమాస్టారు:
చాలదు. విమానం రెక్క వంగడాన్ని తట్టుకుంటే చాలు. తిరిగే బ్లేడును హబ్బు నుంచి బయటికి లాగే బలం వేరే ఉంటుంది. బ్లేడు 40 గ్రాములు, దాని గరిమనాభి (బరువు కేంద్రం) హబ్బుకు 25 సెంటీమీటర్ల దూరం అనుకోండి. నిమిషానికి 600 చుట్లు తిరిగితే 4 కిలోల బరువు వేలాడదీసినంత లాగుడు. అదే 900 చుట్లయితే 9 కిలోలు. మీరు చెప్పిన చోట అతుకు వేస్తే అందులో ముప్పావు వంతుకు పైగా ఆ అతుకే మోయాలి. ఊడిన ముక్క ఎవరి ముఖానికి తగులుతుందో చెప్పలేం. మూడూ కొత్తవి చేయండి.

గాలివాటం:
మాస్టారు గారూ, 9 కిలోలకు ఇంత భయమా? రెండు ముక్కల అంచులనూ ఏటవాలుగా కోసి, మందానికి పది రెట్ల పొడవున అతికిస్తే ముందు విరిగేది బాల్సా చెక్కే, జిగురు కాదు. అసలు చిక్కు బరువు. జిగురు, గుడ్డ కలిసి ఆ బ్లేడు మిగతావాటికంటే బరువెక్కుతుంది, రోటరు వణుకుతుంది. తూచి, తేలికైన వాటి కొసలకు టేపు చుట్టి సరిచేయాలి. గరిమనాభి మూడింటిలోనూ ఒకే చోట, ముందంచు నుంచి వెడల్పులో పావు వంతు దగ్గర ఉండాలి. నాకు అనుమానం విరగని రెండింటి మీదే. లోపల సన్నని పగుళ్లు ఉంటే గీతల కింద కనిపించవు.

లెక్కలమాస్టారు:
ఆ అనుమానమే నా వాదనకు బలం! పైగా లాగుడు ఒక్కటే కాదు. ప్రతి చుట్టులో బ్లేడు ఒకసారి గాలికి ఎదురెళ్తుంది, ఒకసారి వెనక్కి వెళ్తుంది. ఆ లెక్కన 600 చుట్ల వేగంతో 5 నిమిషాలు ఎగిరితే 3,000 సార్లు వంగి లేస్తుంది. నిన్న నిలిచిన అతుకు రేపూ నిలుస్తుందని ఎలా అంటారు?

దూరతీరం:
జిగురు సంగతి తర్వాత. అది ఎడమకే ఎందుకు ఒరిగింది? పై నుంచి చూస్తే రోటరు గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంటే వెనక్కి వెళ్లే బ్లేడు ఎడమవైపు ఉంటుంది. చుట్లు చాలకుండానే లేపితే ఆ పక్క ఎత్తే బలం చాలదు. స్పెయిన్‌లో హువాన్ దె లా సియెర్వా తొలి ఆటోజైరోలూ ఇలాగే పక్కకు తిరగబడ్డాయి. బ్లేడ్లు పైకీ కిందికీ ఆడేలా కీళ్లు పెట్టాక, 1923 జనవరిలో మాడ్రిడ్ దగ్గరి హెతాఫేలో ఆయన యంత్రం సరిగ్గా ఎగిరింది. కీలు ఉన్నా చుట్లు కావాల్సిందే. ఎదురుగాలికి నిలిపి, రోటరును వెనక్కి వంచి, బాగా వేగం అందుకున్నాకే థ్రాటిల్ (మోటారు వేగం) పెంచండి. లేకపోతే కొత్తవి మూడూ అక్కడే విరుగుతాయి. వంగిన మాస్టును మాత్రం తిన్నగా చేయకండి, మార్చండి. ఒకసారి వంగిన అల్యూమినియాన్ని నమ్మలేం, రోటరు కోణమూ తప్పుతుంది.

కొత్తచేయి:
లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఉబ్బిందేమో చూశారా? ఉబ్బితే ఛార్జింగ్ పెట్టకండి, ఇంట్లోనూ ఉంచకండి.

బాల్సాప్రియ:
బ్యాటరీ బాగానే ఉంది. రోటరు తిరిగేది గడియారానికి ఎదురుగానే, కానీ ఆ రోజు పక్కగాలి కూడా గట్టిగా కొట్టింది. అంతా చుట్లు చాలకనే అంటే ఒప్పుకోను. మాస్టు కొత్తది వేస్తాను. బ్లేడును ఏటవాలుగా అతికించి, మొదలు పైకి బిగించి కొసకు 20 కిలోల బియ్యం బస్తా వేలాడదీస్తాను. విరగని రెండింటికీ అదే పరీక్ష.

గాలివాటం:
కొసకు రంధ్రం వేయకండి, చెక్క అక్కడే చీలుతుంది. రెండు పలకల మధ్య రబ్బరు పెట్టి బిగించండి.

లెక్కలమాస్టారు:
బస్తా 3,000 సార్లు వంచదు కదా. అతికిన బ్లేడుతోనే ఎగరేస్తానంటే మాత్రం రోటరు తిరిగే మట్టానికి ఎదురుగా ఎవరినీ నిలబడనివ్వకండి, మీరూ నిలబడకండి.