గిడుగు జయంతికి జాతీయాల బొమ్మలు: ఎవరెవరు ఏం చెయ్యాలి

బొమ్మల జట్టు, విజయనగరం:

అందరికీ నమస్కారం. గిడుగు రామమూర్తి గారి జయంతి, ఆగస్టు 29, ఈసారి శనివారం పడింది కాబట్టి సింగపూర్ హాల్లో జాతీయాల బొమ్మల ప్రదర్శన ఆ రోజే పెట్టుకుందాం. సింగపూర్ వాళ్ళు 24 బొమ్మలు కావాలన్నారు. మే 24 నుంచి ఆగస్టు 9 దాకా 12 ఆదివారాలున్నాయి, వారానికి రెండు జాతీయాలు. ఒకే జాతీయాన్ని విజయనగరంలో ఇద్దరు, శ్రీకాకుళంలో ఇద్దరు విడివిడిగా గీస్తారు. నాలుగింట్లో ఒకటి ఏరుతాం. ఆఖరి వారం కూర్చుని అన్నీ గీసేద్దామని ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోండి. ఒకే ఊపులో గీస్తే పదో బొమ్మకల్లా ముఖాలన్నీ ఒకేలా వస్తాయి, గీయడానికి బద్ధకించి చేతులన్నీ జేబుల్లోకి పోతాయి.

పని ఇలాగ. ముందు పది నిమిషాల్లో అగ్గిపెట్టంత గళ్ళు ఆరు గీసి, ఒక్కో గడిలో ఒక్కో ఊహ పెట్టండి. మొదటి గడిలో వచ్చేది అందరికీ వచ్చేదే, దాన్ని కొట్టేయండి. ఏరుకున్నదాన్ని ఏ5 సైజు, 300 జీఎస్‌ఎం (కాగితం మందం లెక్క) కాగితం మీద హెచ్‌బీ పెన్సిల్‌తో పల్చగా వేసి, వాటర్‌ప్రూఫ్ ఇంకు పెన్నుతో దిద్దండి. బయటి గీతకి 0.5 మొన, లోపలి నీడలకి 0.1 మొన. జెల్ పెన్ను వద్దు, దాని మీద నీటి రంగు తగలగానే నల్లగా పాకిపోతుంది. వానాకాలం మన దగ్గర గాలిలో తేమకి మంచి ఇంకు కూడా తొందరగా ఆరదు, పావుగంట ఆగాకే రబ్బరు పెట్టండి. నలుపు కాక రెండే రంగులు. కింద 15 మి.మీ. ఖాళీ వదలండి, అక్షరాలు ప్రింటులో వస్తాయి, చేత్తో రాయొద్దు.

అసలు కిటుకు ఒకటే. జాతీయంలోని మాటల్ని ఉన్నవున్నట్టు వస్తువులుగా గీయండి, అర్థాన్ని మాత్రం ముఖంలో, మనిషి నిలబడ్డ తీరులో పెట్టండి. గోడ మీద పిల్లి గీయమంటే గోడా పిల్లీ గీసి ఊరుకుంటే అది ఉత్త పిల్లి బొమ్మే. గోడకి అటో చేప, ఇటో పాలగిన్నె పెట్టి, పిల్లి ముఖం రెండిటి వైపూ తిప్పకుండా మన వైపు చూపిస్తే అప్పుడు పలుకుతుంది. నీళ్ళు నమలడంలో బుగ్గలుబ్బిన నోరు సగం పనే. ఎదుట ప్రశ్న అడిగే మనిషి ఉండాలి, నమిలేవాడి చూపు కిటికీలోకి పోవాలి.

వస్తువు తప్పితే మాత్రం బొమ్మంతా పోతుంది. మునగచెట్టు ఎక్కించడంలో కొమ్మని మామిడికొమ్మంత లావు వేస్తే పనికిరాదు. మునగకొమ్మ పుటుక్కున విరుగుతుంది, ఆ మాటకి ప్రాణం అదే. సన్న కొమ్మ, చిన్న గుండ్రటి ఆకులు, వేలాడే కాయలు, ఎక్కినవాడి కాలి కింద సన్నని పగులు, కింద నిలబడి చప్పట్లు కొట్టేవాడు. తాటాకు చప్పుళ్ళకి తాటాకే గీయండి, విసనకర్రలా విచ్చుకునేది. సింగపూర్ పిల్లలు గీసేటప్పుడు కొబ్బరాకు వేసేస్తారు, వాళ్ళకి ఫొటో పంపండి.

పిల్లల టేబుల్, సింగపూర్:

మేస్టారూ, 'ఏకు మేకైంది' జాబితాలో ఉంది గానీ, ఇక్కడ ఏకు చూసినవాళ్ళు ఎవరూ లేరు. పిల్లలకేటి, నాకే తెలీదు.

బొమ్మల జట్టు, శ్రీకాకుళం:

అక్కా, అది మా వాటాకి ఒగ్గేయండి. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ పళ్ళతో దువ్వి శుభ్రం చేస్తారు. గింజ తీసి ఏకిన దూదిని మెత్తగా చుడతారు, నూలు వడకడానికి అందుకునేది అదే, ఏకంటే అది. వేలెడు పొడవు, తెల్లగా, అంచులు నూగునూగుగా గీయాలి. మా గడిలో వచ్చిన ఊహ: బుట్టలో అన్నీ ఏకులే, కుర్చీ మీద పడ్డది ఒకటి. దాని ఒక కొస ఇంకా దూదే, రెండో కొస ఇనుప మొన. యజమాని చూసుకోకుండా కూర్చోబోతున్నాడు. పిల్లల టేబుల్ మీద మాత్రం ఇది పెట్టొద్దు. వాళ్ళకి గోడ మీద పిల్లి, పప్పులో కాలు, చెవిలో పువ్వు, కాళ్ళకి బలపం ఇవ్వండి. ఒక్కొక్కరికి 25 నిమిషాలు చాలు, అంతకన్నా ఎక్కువిస్తే రంగులతో కాగితం తడిపేస్తారు.

ఇంకోటి. చెవిటివాడి ముందు శంఖం లాంటివి, కులాల మీద సామెతలు, విధవల మీద సామెతలు ఈ గోడకి వద్దు. గీతలోకొస్తే వెక్కిరింత రెట్టింపవుతుంది. అలాంటివి తీసేసినా ఇంకా వందలున్నాయి.

హాలు పనులు, సింగపూర్:

బొమ్మల అంచులకి సవర గిరిజనుల గోడ బొమ్మల తీరు వాడితే బాగుంటుంది కదా? గిడుగు వారు సవర భాషకి వ్యాకరణం, నిఘంటువు రాసినవారు కూడాను.

బొమ్మల జట్టు, విజయనగరం:

వద్దు బాబూ. సవరల ఇళ్ళల్లో ఆ బొమ్మలు దేవతల కోసం, పోయిన పెద్దల కోసం వేసేవి, అలంకారానికి కాదు. మన పిల్లి చుట్టూ అంచుగా వాడడం సబబు కాదు. ఆయన గురించి చెప్పాలంటే పరిచయ బోర్డు మీద చెప్పండి: 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు, వాడుక భాష కోసం పోరాడారు, సవర భాష మీద పనిచేశారు. మూడు వాక్యాలు చాలు, నిలబడి నాలుగోది ఎవరూ చదవరు.

ప్రింటింగ్, శ్రీకాకుళం:

స్కాన్ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) చెయ్యండి. ఏ5 నుంచి ఏ3కి వెళ్తే పొడవూ వెడల్పూ రెండేసి రెట్లవుతాయి, అంటే ప్రింటులో 300 మిగులుతుంది. 300లో స్కాన్ చేస్తే 150కి పడిపోయి గీతల అంచులు అరిగినట్టు కనిపిస్తాయి. ఫైలు వాట్సాప్‌లో ఫొటోగా పంపొద్దు, డాక్యుమెంటుగా పంపండి.

తలనొప్పంతా తెలుగు అక్షరాలతోనే. ఇక్కడ చాలా డీటీపీ షాపుల్లో పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేరు, యూనికోడ్ కాని అను ఫాంట్లే నడుస్తున్నాయి. మనం ఫోన్లలో కొట్టే యూనికోడ్ అక్షరాలు అందులో అతికిస్తే డబ్బాలో, ప్రశ్నార్థకాలో వస్తాయి. మళ్ళీ టైపు చేయిస్తే కొత్త తప్పులు దూరతాయి. అందుకని అక్షరాల్ని అవుట్‌లైన్లుగా, అంటే ఫాంటు అక్కర్లేని ఉత్త గీతలుగా మార్చిన పీడీఎఫే ఇస్తాం. ఇలస్ట్రేటర్ సాఫ్ట్‌వేరులో చేసేవాళ్ళు ముందు సెట్టింగుల్లో ఇండిక్ (భారతీయ భాషల) ఆప్షన్ పెట్టుకోండి, లేకపోతే వత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. స్త్రీ, జ్ఞానం, లక్ష్మి అని కొట్టి చూడండి, ఆ మూడూ సరిగ్గా వస్తే మిగతావీ వస్తాయి. అవుట్‌లైన్ చేశాక అక్షరం దిద్దలేం, కాబట్టి దిద్దుబాటుకి వీలైన ఫైలు ఒకటి వేరేగా దాచండి.

జాతీయం పేరుకి గిడుగు ఫాంటు వాడదాం, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. జయంతి ఆయనదే, అక్షరాలూ ఆయన పేరువే. వివరం రాసే చిన్న అక్షరాలకి మాత్రం నోటో సాన్స్ తెలుగు.

కాగితం 170 జీఎస్‌ఎం మ్యాట్. గ్లాసీ వేస్తే హాలు లైట్లు మెరిసి బొమ్మ కనబడదు. 12×18 అంగుళాల షీటు మీద ఏ3కి చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (తర్వాత కోసేసే అదనపు అంచు) వదిలితే మెషిన్‌కి అంచు మిగలదు, 13×19 అడిగి ట్రిమ్ చేయిస్తాను. 24 కాగితాలూ కలిపి అర కిలో. సింగపూర్ తీసుకెళ్ళేటప్పుడు గొట్టంలో చుట్టొద్దు, చుడితే రెండు రోజులైనా ముడుచుకునే ఉంటాయి. రెండు అట్టల మధ్య పెట్టి సూట్‌కేసు అడుగున పరవండి. ఫోమ్ బోర్డులు మోసుకురావడం దండగ, అక్కడే కొనండి.

హాలు పనులు, సింగపూర్:

సరే, 5 మి.మీ. బోర్డులు 24 తీసుకుంటాం. గోడకి టేపు గానీ మేకు గానీ వెయ్యనివ్వరు, 12 జాలీ ప్యానెళ్ళు అద్దెకి తెచ్చి అటూ ఇటూ ఎస్ హుక్కులతో తగిలిద్దాం. జాతీయం పేరు మీద అట్టముక్క మూత పెడదామని ఉంది, బొమ్మ చూసి ఊహించాకే ఎత్తి చూసుకోవాలి. మూత అంటించడానికి ఏం వాడాలి?

ప్రింటింగ్, శ్రీకాకుళం:

ఏ3లో కింద పేరుకి 30 మి.మీ. వస్తుంది, మూత 35 కోయండి. పైఅంచుకి గుడ్డ టేపుతో మడత వెయ్యండి. సెల్లో టేపయితే పదిసార్లు ఎత్తేసరికి చిరుగుతుంది. బోర్డుకి కాగితం అంటించేటప్పుడు నాలుగంచులా డబుల్ సైడ్ టేపు, మధ్యలో అడ్డంగా రెండు పట్టీలు. నాలుగు మూలలకే అంటిస్తే ఏసీ గాలికి మధ్యాహ్నానికల్లా లేచిపోతాయి. బోర్డు మధ్యభాగం నేల నుంచి 140 సెంటీమీటర్ల దగ్గర ఉంచండి. పిల్లలు ఊహించే నాలుగు మాత్రం 105 దగ్గర.

పిల్లల టేబుల్, సింగపూర్:

అలగే. ఏరేటప్పుడు ఎలాగ? నాలుగూ బాగుంటే?

బొమ్మల జట్టు, విజయనగరం:

జాతీయం పేరు చెప్పకుండా బయటి ముగ్గురికి చూపించండి. ఇద్దరు అర నిమిషంలో చెప్పగలిగితే అది గోడకెక్కుతుంది. గీత ఎంత చక్కగా ఉన్నా ఎవరూ పోల్చుకోలేకపోతే పక్కన పెట్టేద్దాం. ఏరింపు ప్రతి సోమవారం మన టైము రాత్రి 7కి, మీకు 9.30. మే 24 ఆదివారానికి జాతీయాలు: నీళ్ళు నమలడం, కాళ్ళకి బలపం కట్టుకు తిరగడం. రెండోదానికి పలక మీద రాసే బలపమే గీయండి, బోర్డు మీద రాసే సుద్దముక్క కాదు.