'నైట్ వాచ్' బొమ్మలో యూనిఫాం ఏది?

డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1642లో గీసిన 'నైట్ వాచ్' మీద పిల్లలకు పాఠం తయారుచేస్తూ ఒకచోట ఆగిపోయాను. అందులో ఉన్నది ఆమ్‌స్టర్‌డామ్ పౌరదళం, అంటే నగర రక్షణకు పౌరులతోనే ఏర్పడిన దళం. కానీ అందరిదీ ఒకే రకం బట్టలు కావు. కెప్టెన్ నల్లబట్టల మీద భుజం మీదుగా ఎర్ర పట్టీ కట్టుకున్నాడు. పక్కనున్న లెఫ్టినెంట్‌ది పసుపు కోటు. ఆ కోటు మీద, సరిగ్గా కెప్టెన్ చేతి నీడ పడేచోట, మూడు ఇంటూ గుర్తుల నగర చిహ్నం కుట్టి ఉంది! అది చూసినప్పటి నుంచి మనసు దాని మీదే ఉంది.

మరి వీధిలో మామూలు జనం వీళ్లను దేన్నిబట్టి గుర్తుపట్టేవారు? పట్టీ రంగు దళాన్ని చెప్పేదా, హోదానా? ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరి హార్లెమ్‌ నగరంలో ఫ్రాన్స్ హాల్స్ అనే చిత్రకారుడు గీసిన దళాల బొమ్మల్లోనూ ఈ పట్టీలే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. డచ్ చరిత్ర చదివినవాళ్లు, నెదర్లాండ్స్‌లో ఉంటున్నవాళ్లు దయచేసి చెప్పండి.